రంగు వెలిస్తే విషం పోయినట్టేనా?

పావగడ తాలూకాలో నీళ్ల మాటెత్తితే ఎవరైనా ఫ్లోరైడ్ గురించే చెబుతారు. చెప్పాల్సిందే. కానీ వై.ఎన్. హొసకోటలో పట్టుచీరల మగ్గాలున్నాయి, సరిహద్దు దాటితే ధర్మవరం ఉంది. పట్టుకు రంగు అద్దాక తొట్టిలో మిగిలిన నీళ్లు ఎటు పోతున్నాయో అడిగేవాళ్లే తక్కువ.

నాలుగు రోజులు కాలువలో ఉంటే రంగు అదే పోతుందిలే అనుకోవడం మామూలే. ఎండకూ సబ్బుకూ వెలవకూడదనే కదా ఆ రంగును తయారు చేసింది! చీర మీద నిలిచేది కాలువలో మాత్రం ఊరికే పోతుందా? గాలి తగలని బురదలో అజో రంగు విరిగి, నీళ్లు తేటపడే మాట నిజమే. అప్పుడు మిగిలే అమీన్లకు రంగుండదు. వాటిలో బెంజిడీన్ లాంటివి మూత్రాశయ క్యాన్సర్ తెస్తాయి. అందుకే 1994లో జర్మనీ, ఆ దశాబ్దంలోనే మన కేంద్ర ప్రభుత్వం ఇలాంటి రంగులను నిషేధించాయి. మన జాబితాలో ఉన్నవి 112.

అన్ని రంగులనూ ఒకే గాటన కట్టడమూ తప్పే. పట్టుకు వాడే యాసిడ్ రంగులు చాలావరకు నీళ్లలో కరిగి ఉంటాయి, చేప కొవ్వులో అంతగా పేరుకోవు. మాలకైట్ గ్రీన్ అలా కాదు. చేప ఒంట్లో రూపం మార్చుకుని చాలాకాలం ఉండిపోతుంది. మంచినీటిలో సగం తరగడానికి 40 రోజులకు మించి పడితే ఆ పదార్థం నిలవ ఉండేదని యూరప్ నిబంధన. ఈ లెక్కలు సరుకుతో వచ్చే భద్రతా పత్రం 12వ భాగంలో ఉండాలి. పొట్లం కట్టి విడిగా అమ్మే రంగుకు పేరే ఉండదు, ఇక పత్రమెక్కడిది? ఆ నీళ్లలో ముందు చేతులు పెట్టేది అద్దకం కూలీయే.

తిరుప్పూరులో నొయ్యల్ నది పాడయ్యాక, 2011లో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూసేయమంది. దెబ్బ తగిలింది పనివాళ్లకే. అక్కడ నది అయినా ఉంది. ఇక్కడ ఉత్తర పినాకిని ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. పలచన చేసే పారే నీళ్లు లేవు, వదిలింది భూమిలోకే ఇంకుతుంది.

ఫ్లోరైడ్ కోసం బోరు నీళ్లు పరీక్షించేటప్పుడే, అద్దకం తొట్ల దగ్గరి బోర్లలో అమీన్లనూ చూడాలి. ఆ ఖర్చు కాలుష్య నియంత్రణ మండలి భరించాలి, నేతగాడి నెత్తిన పెట్టకూడదు. పేరు, పత్రం లేని రంగు పొట్లాన్ని అంగడి దగ్గరే ఆపాలి.