షిర్డీ వెళ్ళి ద్రాక్షతోటలు చూసొచ్చినోళ్ళకి



ఈమధ్య మనోళ్ళకి కొత్త సరదా పట్టుకుంది. గూడెంలోనో ఏలూరులోనో షిర్డీ ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, బాబా దర్శనం అయ్యాక కారు మాట్లాడుకుని నాసిక్ పోవడం, ఇంట్లో త్ర్యంబకేశ్వరం అని చెప్పి సూలా తోటలో వైన్ రుచి చూడటం. వెళ్ళండి, నా గొడవ తాగినందుకు కాదు. తిరిగొచ్చి "మనం కూడా ద్రాక్ష వేద్దాం బావా" అంటున్నారు చూశారా, దానిమీద.

ఇక్కడ ఆ ద్రాక్ష పెట్టుకోవద్దండి. నాసిక్ సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తు. శీతాకాలం పొడిగా, రాత్రిళ్ళు చల్లగా ఉంటుంది. కాయ కోసం వాళ్ళు కొమ్మలు కత్తిరించేది అక్టోబరు ప్రాంతంలో. మనకి అక్టోబరంటే ఏంటో చెప్పాలా? తుఫాను. ఈ తేమకి లేతాకు నిండా బూజు తెగులే. పందిరి ఖర్చు కూడా రాదు.

అసలు చూడాల్సింది వదిలేసి గ్లాసు చూసొచ్చారు. రాజీవ్ సామంత్ అమెరికాలో ఉద్యోగం మానేసి వచ్చి, సొంత పొలంలో మామిడీ తినే ద్రాక్షా ప్రయత్నించాకే వైన్ ద్రాక్షకి మళ్ళాడు. మొదటి వైన్ 2000లో అమ్మాడు. 2005లో జనం వచ్చి రుచి చూసే గది కట్టాడు. కంపెనీ పిండే కాయలో ఎక్కువభాగం చుట్టుపక్కల రైతులదే, ఏళ్ళ తరబడి ఒప్పందాల మీద. ఆ కాయ చిన్నది, తొక్క మందం, లోపల గింజలు. సంతలో పోస్తే తినడానికి ఎవడూ కొనడు. పద్ధతిగా పులియబెడితేనే దానికి విలువ.

మరి పులియబెట్టే పంట మనకి లేదా? కొబ్బరి కింద, పామాయిల్ కింద ఉన్న కోకో ఏంటండీ?

కోకో గింజని చెక్కపెట్టెలో ఆరేడు రోజులు పులియబెట్టి, రెండ్రోజులకోసారి తిరగెయ్యాలి. తర్వాత ఎండబెట్టి కత్తితో కోస్తే లోపల గోధుమరంగు, పగుళ్ళు కనబడాలి. చాలా తోటల్లో ఏం జరుగుతోంది? గోనెసంచిలో కట్టి, మూడోరోజే కళ్ళంలో పోసేస్తున్నారు. కోస్తే ఊదారంగు. కొనేవాడికి అదే సాకు.

2024లో కిలో వెయ్యి రూపాయలు చూసిన గింజ 2025లో సగానికి పడిపోయింది. ఏలూరులో ధర్నాలు చేశాక, కంపెనీలు 450, ప్రభుత్వం 50 కలిపి 500 అన్నారు. "ధర పడింది లండన్, న్యూయార్క్ మార్కెట్లలో, పెట్టె కడితే పెరుగుద్దా?" అంటారు. పెరగదు, నిజమే. ఆ ధర మన చేతిలో లేదు. కానీ గ్రేడు పేరు చెప్పి కోసే కోత మాత్రం మన చేతిలోదే.

వెయ్యి కిలోమీటర్లు పోనక్కర్లేదు. మన తడికలపూడిలోనే గింజ పులియబెట్టి, హైదరాబాదులో మనం చాక్లెట్ వాళ్ళు పశ్చిమగోదావరి పేరు అట్టమీద వేసి అమ్ముతున్నారు. బంజారాహిల్స్‌లో వాళ్ళ దుకాణానికి జనం చూడ్డానికి కూడా వెళ్తున్నారు, మీరు నాసిక్ వెళ్ళినట్టే. మన గోదారి పుట్టిందీ నాసిక్ పక్కనే లెండి, ఆ నీళ్ళు మన కాలవదాకా వచ్చాయి, ఆ తెలివి మాత్రం రాలేదు.

వచ్చే కోతకి ఊరికి పదిమంది చొప్పున కలిసి పెట్టెలు చేయిద్దాం. ఒక్కరి తోటలో గింజ పెట్టె నిండదు, కుప్ప చిన్నదైతే వేడెక్కదు, అందుకే పదిమంది అంటున్నా. చెక్క లెక్క నేను వేసి పెట్టాను. వచ్చేవాళ్ళు ఊరి పేరు, ఎన్ని ఎకరాల కోకోనో కింద రాయండి.