సఫా మర్వా నడిచే కౌమ్‌కి నానీ పేరు బరువైందా?

హజ్‌కీ ఉమ్రాకీ పోయొచ్చిన హాజీసాబ్‌లను ఒక మాట అడగాలి. సఫా మర్వాల మధ్య ఏడుసార్లు మీరు నడిచింది ఎవరి అడుగుల్లో? దాహంతో ఏడ్చే బిడ్డ కోసం నీళ్లు వెతుకుతూ పరుగెత్తిన బీబీ హాజిరా అడుగుల్లోనే కదా! ఒక తల్లి నడిచిన దారిని ఇబాదత్‌గా చేసుకున్న ఉమ్మత్ మనది. మరి మన మొహల్లాలో మెహనత్ చేసి కన్నుమూసిన ఆడవాళ్ల పేర్లు పలకడం బేఅదబీ ఎట్లా అయింది?

నగరినే తీసుకోండి. మరమగ్గాల ఊరు. మగ్గం దగ్గర నిలబడితే నేతగాడు, ఇంట్లో కూర్చుని కండెలు చుడితే 'ఖాళీగా ఉండే' ఆడమనిషి. వీధి పిల్లలకు అలిఫ్ బే నేర్పిన ఆపాకీ, పురుళ్లు పోసిన నానీకీ, కుట్టుమిషన్ మీద బిడ్డల్ని చదివించిన బేవా ఖాలాకీ తారీఖ్‌లో చోటు లేదు. చందాల పలక మీద ఉండేది ఫలానా సాబ్. ఆమె ఫలానా సాబ్ ఘర్‌వాలీ, అంతే.

బాదుషాల ఇంట్లో పుడితే పేరు మిగులుతుంది. హైదరాబాద్ పక్కన హయాత్‌నగర్ హయాత్ బక్షీ బేగం పేరు మీదే ఉంది. అదే హైదరాబాద్‌లో 1934లో ఆడపిల్లల కోసం సఫ్దరియా బడి పెట్టిన రచయిత్రి సుగ్రా హుమాయూన్ మీర్జా ఎంతమందికి తెలుసు? ఆ బడి ఉన్న బస్తీ హుమాయూన్‌నగర్. అది ఆమె శౌహర్ పేరు.

1989లో అమెరికాలోని బోస్టన్‌లో సర్కారీ బడుల టీచర్లు, లైబ్రేరియన్లు, పిల్లలు కలిసి తమ ఊరి ఆడవాళ్ల చరిత్ర చెప్పే నడకదారి ఒకటి తయారుచేశారు. దానికి దౌలత్ అక్కర్లేదు. నోటుబుక్కు, వినే సబర్ చాలు. నగరి బడుల పిల్లలు ఎందుకు చేయకూడదు? ఇంటింటా మూడే ప్రశ్నలు: ఆమె పేరేంటి? ఏం పని చేసింది? ఎక్కడ చేసింది? ఇంటివాళ్ల ఇజాజత్ తీసుకుని వీధి పటం మీద గుర్తుపెట్టండి. మన గల్లీ దగ్గరే ఆగకండి. పక్కవీధి నేతింటి అవ్వనూ ఎక్కించండి. ఆదివారం గంటసేపు ఊరంతా ఆ దారిలో నడవాలి.

"ఆడవాళ్ల పేర్లు వీధిన పెడితే పర్దా ఏం కావాలి?" అనే బుజుర్గులున్నారు. జనాబ్, ఖుర్ఆన్‌లో 19వ సూరా పేరే మర్యం. హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన హదీసులను ఉమ్మత్ ఆమె పేరుతోనే భద్రం చేసుకుంది, ఫలానా వారి ఇంటావిడ అని కాదు. పేరు దాచడం హయా కాదు, హక్కు మింగడం.

ఒక్కో నానీ జనాజాతో ఒక్కో వీధి తారీఖ్ మట్టిలో కలుస్తోంది. అమ్మీలూ, అబ్బాలూ! మీ బిడ్డ నోటుబుక్కు పట్టుకుని గడప దాటుతానంటే ఆపకండి. మొదటి పేరు మీ ఇంట్లోనే రాయించండి.