గరుసు తోడే ముందే గుంత పూడ్చే లెక్క తేలాలి

పోయిన నెల గార్లదిన్నె మండలం సభ్యుడొకరు సంఘం ఆఫీసుకు వచ్చారు. ఆయనకు మూడెకరాల మెట్ట చేను ఉంది. చెనిక్కాయకు పెట్టిన పెట్టుబడి కూడా తిరిగి రావడం లేదు. రోడ్డు పనికి గరుసు కావాలని ఒక కాంట్రాక్టర్ రెండెకరాలు అడుగుతున్నాడు. "ఇయ్యొచ్చునా అన్నా?" అన్నది ఆయన ప్రశ్న. కమిటీలో సగం మంది వద్దన్నారు. మిగతా సగం ఆయన అప్పు ఎవరు తీరుస్తారని అడిగారు. రెండు మాటలూ నిజమే.

ఇంటి పునాదికీ, బండ్ల దారికీ గరుసు మనమూ తోలుకుంటున్నాం. కాబట్టి చిన్న క్వారీ అయితే ఒప్పుకోవచ్చునని మా అభిప్రాయం. అయితే జేసీబీ దిగకముందే గుంత ఎలా పూడుస్తారో కాగితం మీద ఉండాలి. ఈ విషయంలో మన తప్పు కూడా ఉంది. ఇన్నాళ్లూ టిప్పర్ల దుమ్ము మీద గొడవ పెట్టుకున్నాం గానీ గుంత సంగతి అడగలేదు. టిప్పర్లు పోయాయి, గుంతలు మిగిలాయి.

లెక్క చూడండి. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. రెండెకరాల్లో మూడు మీటర్లు తవ్వితే 24 వేల ఘనపు మీటర్లు దాటుతుంది. టిప్పర్‌కు 10 ఘనపు మీటర్లు వేసుకున్నా 2,400 ట్రిప్పులు. తవ్విన గరుసు పొంగుతుంది గనుక ఇంకా ఎక్కువే. ఎకరాకు ఇంత అని గుత్తకు మాట్లాడుకునే రైతు ఈ లెక్క వేసుకోవడం లేదు.

అన్నిటికన్నా విలువైనది పైనున్న అర అడుగు ఎర్రమట్టి. ఎకరాకు అది 600 ఘనపు మీటర్లు వస్తుంది. దాన్ని ముందుగా తీసి, గట్టున వేరే కుప్ప పోసి, ఉలవలు చల్లితే వానకు కొట్టుకుపోదు. అది గరుసుతో కలిసి టిప్పర్ ఎక్కిందంటే ఆ చేను చేను కాదు. రెండెకరాలూ ఒక్కసారే తెరవనీయకూడదు. అరెకరం తవ్వాక దాన్ని సరిచేస్తేనే పక్క అరెకరం మొదలుపెట్టాలి. అంచులు నిలువుగా కాకుండా, నాగలీ గొర్రెలూ దిగేంత వాలుగా ఉండాలి.

ఇక నీళ్లు. పెనకచెర్ల డ్యాం మన మండలంలోనే ఉన్నా, కాలువ అందని మెట్టకు బోరే దిక్కు. కింద బండ, దాని మీద మెత్తబడిన రాతి పొర. వాన నీరు ఇంకేది ఆ పొరలోకే. గరుసు పేరుతో బండ దాకా గీకితే మురికిని ఆపే జల్లెడ పోతుంది, నీరు నిలిచే చోటూ పోతుంది. అనుమతి పత్రాల్లో భూగర్భ జలాన్ని తాకరాదన్న షరతు మామూలుగా ఉంటుంది. కానీ కొలత ఏ నెలది? మేలో కొలిస్తే నీళ్లు ఎక్కడో అడుగున ఉంటాయి, గుంత ఎంత లోతైనా ఫర్వాలేదనిపిస్తుంది. వానలు పోయాక నవంబరులో కొలిచి, ఆ మట్టానికి పైన కనీసం రెండు మీటర్లు తవ్వకుండా వదలాలన్నది మా డిమాండ్. చుట్టుపక్కల బోర్ల మట్టం ముందే కొలిచి సంతకాలతో రాసిపెట్టుకోవాలి. లేకపోతే రేపు చీనీ చెట్లు ఎండినా రుజువు ఉండదు. గుంతలో ఇంజను ఆయిల్ మార్చనీయొద్దు. పూడ్చే పేరుతో టౌను చెత్త అసలే పోయనీయొద్దు. ఆ నీళ్లు మన బోర్లలోకే వస్తాయి.

చిన్న క్వారీకి పర్యావరణ అనుమతి అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి. దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు, 5 హెక్టార్ల లోపు లీజులకూ అది కావాలని చెప్పింది. రోడ్లు, పైపులైన్ల మట్టికి కేంద్రం 2020 మార్చిలో ఇచ్చిన మినహాయింపును 2024 మార్చి 21న అదే కోర్టు కొట్టేసింది. తవ్విన నేలలో మళ్లీ పశువుల మేత పెంచాలన్న షరతును మైనింగ్ లీజుల్లో చేర్చాలని 2020 జనవరి 8న ఆదేశించింది. గొర్రెల కాపరులు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

ఇంకొక జాగ్రత్త. కాంట్రాక్టర్లు రైతు పేరుతోనే అనుమతి తీస్తామంటారు. పేరు ఎవరిదైతే పెనాల్టీ నోటీసు వాళ్లకే వస్తుంది. లీజు అతని పేరుతోనే ఉండాలి. పూడ్చే ఖర్చు ముందే ఇద్దరి జాయింట్ ఖాతాలో వేయించుకోవాలి.

ఆ సభ్యుడు ఇవన్నీ రాసుకుని వెళ్లారు. డిపాజిట్ మాట విన్న కాంట్రాక్టర్ ఇంకా జవాబు చెప్పలేదట. వచ్చే సమావేశానికి మీ ఊళ్లో వదిలేసిన గుంతల సర్వే నంబర్లు తీసుకురండి. గనుల శాఖకూ తహసీల్దారుకూ కలిసి అర్జీ ఇద్దాం.