పది రూపాయల చందా – కోటి రూపాయల బాండు

నల్లగొండ, ఇబ్రహీంపట్నం పల్లెల్లో పని దొరకక వచ్చిన కూలీలు దిగేది ఎల్‌.బి.నగర్‌లోనే. విజయవాడ రోడ్డు, సాగర్‌ రోడ్డు అక్కడే కలుస్తాయి. అక్కణ్ణుంచి దిల్‌సుఖ్‌నగర్‌ దాకా కూలి అడ్డాలున్నాయి. ఎన్నికల్లో కష్టజీవుల అభ్యర్థికి చందా ముందు అక్కడే అడగాలని మేమంటున్నాము.

"పూట గడవనోళ్లను అడుగుడేంది?" అని మన కార్యకర్తలే నసుగుతున్నారు. అడగకపోతే ఎవరిస్తారు? 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లు ఒక్కొక్కటి కోటి రూపాయల దాకా ఉండేవి. ఇచ్చినవాని పేరు జనానికి తెలియదు. 16 వేల కోట్ల పైచిలుకు అమ్ముడుపోయాయి. కమ్యూనిస్టు పార్టీలు వాటిని ముట్టలేదు, సిపిఎం కోర్టుకెక్కింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు పథకాన్ని కొట్టివేశాక పేర్లు బయటపడ్డాయి: మన హైదరాబాదు మేఘా కంపెనీయే 966 కోట్లిచ్చి రెండో స్థానంలో ఉంది! కాంట్రాక్టర్లకు దానగుణం ఎక్కువ కాబోలు.

అసెంబ్లీకి డిపాజిట్టు 10,000, ఎస్సీ, ఎస్టీలకు 5,000. తలా పది రూపాయలు వేస్తే వెయ్యి మంది చాలు. ఇచ్చినవాడు ఊరకుండడు, పదిమందికి చెప్తాడు, గెలిచినంక నిలదీస్తాడు కూడా. అందుకే పదికైనా రసీదు రాయాలి. డబ్బా ఊపి పోయే వసూళ్లు మానాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి ఖర్చు లెక్క అప్పగించాలని చట్టం చెబుతోంది. అడ్డా మీద మాత్రం వారం వారం చదివి వినిపించాలి.

చాలామంది ఓటు ఊళ్లోనే ఉంది. వాళ్ల చందా ఆ ఊరి నియోజకవర్గానికే పంపాలి, రసీదు మీద ఆ ఊరి పేరే రాయాలి.