ఆరోగ్యమస్తు: నడిస్తే తగ్గిన బరువు మళ్ళీ ఎందుకొచ్చింది?

గత సంచికలో నడక గురించి రాశాక చాలామంది ఫోన్ చేశారు. సంతోషం. అయితే వాటిలో సగానికి పైగా ఫిర్యాదులే! "నడుస్తూనే ఉన్నామండీ, పొట్ట మాత్రం కదలడం లేదు" అని. అందులో ఒక ఫిర్యాదు నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది. ఈసారి శీర్షిక అంతా దాని గురించే.

ఫోన్ చేసింది దజీజ్‌లో ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌గా పనిచేసే తమ్ముడు. రాజంపేట వైపు మనిషి. వయసు 41. మూడేళ్ళ కింద షుగర్ బయటపడింది. తండ్రి కూడా షుగర్‌తోనే, యాభై దాటకుండానే పోయాడట. ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు, కట్టడం సగంలో ఆగిన ఇల్లు. భయపడ్డాడు, పట్టుదలగా నడక మొదలుపెట్టాడు. డ్యూటీ అయ్యాక షోరూముల ముందు ఫుట్‌పాత్ మీద రోజూ గంట నడక. రాత్రి అన్నం మానేసి కుబ్బూస్, మజ్జిగ. అయిదు నెలల్లో 8 కిలోలు తగ్గాడు. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత రెండు నెలలు సెలవు మీద ఊరికి వెళ్ళొచ్చాడు. చుట్టాలు, పెళ్ళిళ్ళు, సంగటి, నాటుకోడి... నడక ఆగిపోయింది. తిరిగొచ్చి తూకం చూసుకుంటే 6 కిలోలు మళ్ళీ ఎక్కాయి. అది మామూలే అనుకోవచ్చు. కానీ మునుపటికన్నా 2 కిలోలు తక్కువే ఉన్నా, పాత ప్యాంటు నడుము దగ్గర పట్టడం లేదు! డాక్టరుగారు షుగర్ రిపోర్టు చూసి, ఇలాగే ఉంటే ఇన్సులిన్ మొదలుపెట్టాల్సి వస్తుందన్నారు.

"ఏందన్నా ఇది? అంత నడిస్తి గదా, యాడ తప్పు చేసినా?" అని అడిగాడు.

తప్పేమీ చేయలేదు. సగం పని చేశాడు, అంతే.

మనం తిండి తగ్గించి, నడక పెంచి బరువు తగ్గినప్పుడు పోయేదంతా కొవ్వు కాదు. సుమారుగా నాలుగో వంతు కొవ్వు కానిది పోతుంది, అందులో కండ కూడా ఉంటుంది. 8 కిలోలు తగ్గితే దాదాపు 2 కిలోలు అలా పోయినట్టే. మళ్ళీ తిని బరువు పెరిగినప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వే వచ్చి కూర్చుంటుంది. తూకం మిషనుకు కండ ఏదో కొవ్వు ఏదో తెలియదు కదా! ప్యాంటుకు తెలిసింది.

కండ పోతే షుగర్ ఎందుకు పెరుగుతుందో అతనికి చెప్పడం నాకు తేలికైంది. స్టోర్‌కీపర్ కదా. భోజనం చేశాక రక్తంలోకి వచ్చే చక్కెర కంటైనర్‌లో దిగిన సరుకు లాంటిది. దాన్ని దాచే గోడౌన్లలో అన్నిటికంటే పెద్దది కండరమే, లివర్‌కంటే ఎన్నో రెట్లు పెద్దది. గోడౌన్ చిన్నదైపోయినా, తలుపులు బిగుసుకుపోయినా సరుకు రోడ్డు మీదే ఉంటుంది. రక్తంలో షుగర్ ఎక్కువ ఉండటం అంటే అదే. నడక ఆ తలుపుల్ని తెరుస్తుంది. బరువులెత్తడం గోడౌన్‌ని కాపాడుతుంది, పెంచుతుంది. రెండూ కావాలి.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు సుమండీ. అమెరికాలో లూసియానాలో షుగర్ ఉన్న 262 మందిని తీసుకుని 9 నెలలు వ్యాయామం చేయించారు. ఫలితాలు 2010లో వైద్య పత్రికలో వచ్చాయి. కొందరికి నడక లాంటి కార్డియో మాత్రమే, కొందరికి బరువులు మాత్రమే, కొందరికి రెండూ కలిపి. విశేషం ఏమిటంటే మూడు గుంపులకూ వారానికి పట్టిన సమయం దాదాపు సమానం. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, వ్యాయామం చేయనివారితో పోలిస్తే చెప్పుకోదగ్గట్టు తగ్గింది రెండూ కలిపి చేసినవారిలోనే!

మరి బరువు సంగతి? డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 2012లో ప్రచురించిన పరిశోధనలో, షుగర్ లేని లావుపాటి మనుషుల చేత 8 నెలలు ఇలాగే చేయించారు. కార్డియో చేసినవారు సుమారు 1.8 కిలోలు తగ్గారు. బరువులు మాత్రమే ఎత్తినవారు తగ్గలేదు సరికదా, 0.8 కిలో పెరిగారు. పెరిగింది కండే అయినా కొవ్వు తగ్గలేదు. రెండూ చేసినవారిలో కొవ్వు తగ్గింది, కండ పెరిగింది. అయితే వారికి రెట్టింపు సమయం పట్టింది. కాబట్టి "కార్డియో దండగ, డంబెల్స్ ఎత్తితే చాలు" అని ఈ మధ్య వీడియోల్లో చెప్పేవారిని నేను నమ్మను. కొవ్వు కరిగించడంలో నడకదే పైచేయి. కండ ఒక కిలో పెరిగితే ఊరికే కూర్చున్నా వందల క్యాలరీలు ఖర్చయిపోతాయన్నదీ అతిశయోక్తే. నిజానికి రోజుకు సుమారు 13 క్యాలరీలు, అంతే.

ఇంకో లెక్క కూడా చూడండి. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 క్యాలరీలు. 80 కిలోల మనిషి ముప్పావు గంట వేగంగా నడిస్తే, కూర్చుని ఉంటే అయ్యేదానికన్నా అదనంగా ఖర్చయ్యేది 200 క్యాలరీలు. వారానికి అయిదు రోజులు నడిస్తే ఒక కిలో పోవడానికి ఏడెనిమిది వారాలు! నడిచొచ్చామన్న ధైర్యంతో ఒక పెద్ద కుబ్బూస్ అదనంగా లాగించామా, ఆ రోజు నడక దానికే సరి. అందుకే కొవ్వు తగ్గేది ముఖ్యంగా కంచంలో. వ్యాయామం చేసే పని వేరు.

"మరి మేం రోజంతా కార్టన్లు మోస్తున్నాం, మాకు మళ్ళీ వ్యాయామం ఏమిటి?" అని లోడింగ్ పని చేసే సోదరులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒకే వీధిలో పొద్దుటి నుంచి రాత్రి దాకా స్టీరింగ్ వెనక కూర్చునే డ్రైవరు, ఏసీ గదిలో కంప్యూటరు ముందు ఉండే అకౌంటెంటు, ఎండలో ట్రక్కు ఖాళీ చేసే కుర్రాడు, ముగ్గురూ ఉండే చోటు మన దజీజ్. డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్, ఆయన సహచరులు దీని మీద చాలా ఏళ్ళు పనిచేశారు. తీరిక వేళల్లో చేసే వ్యాయామం గుండెకు మేలు చేస్తున్నంతగా, ఉద్యోగంలో గంటల తరబడి చేసే శరీరశ్రమ మేలు చేయడం లేదని వారు చెప్పారు. దీనిమీద వాదోపవాదాలు ఉన్నాయి. అయినా కారణం ఊహించదగ్గదే. వ్యాయామంలో గుండె వేగం పెంచి, తర్వాత విశ్రాంతినిస్తాం. డ్యూటీలో విశ్రాంతి మన చేతిలో ఉండదు. ఎప్పుడూ ఒకే భుజం, ఒకే నడుము. అలాంటివారికి నా సలహా ఒకటే. మీకు అదనపు బరువులు అక్కర్లేదు. నిద్ర, నీళ్ళు, వారానికి మూడు నాలుగు రోజులు అరగంట హాయిగా నడక చాలు. బరువులు ఎత్తాల్సింది కూర్చుని పనిచేసే మనం.

పైగా మన భారతీయుల ఒంటి తీరే వేరు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి 2004లో లాన్సెట్‌లో వచ్చింది. ఇద్దరి బీఎమ్ఐ ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌గారికి 21.2 శాతం! అందుకే మనకు బీఎమ్ఐ 23 దాటితేనే అధిక బరువు. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. ఒక టేపు కొనుక్కోండి, తూకం మిషను కన్నా అది నిజాయితీగలది. మనం ఉంటున్న దేశం సంగతీ తెలిసిందేగా. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021 అంచనా ప్రకారం కువైట్‌లో వయోజనుల్లో దాదాపు నాలుగో వంతు మందికి షుగర్ ఉంది.

సరే, ఎంత చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగం గల కార్డియో, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం. మన తమ్ముడికి నేను వేసిచ్చిన పట్టీ ఇది. శుక్రవారం, మంగళవారం అరగంట బరువులు. మిగతా రోజుల్లో నాలుగు రోజులు 40 నిమిషాల నడక. ఒక రోజు పూర్తి విశ్రాంతి. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగంగా నడవాలి. ఒకే రోజు రెండూ చేయాల్సి వస్తే ముందు బరువులు, తర్వాత నడక. అలసిన కాళ్ళతో బరువెత్తితే నడుము పట్టేస్తుంది.

"జిమ్‌కు డబ్బులెక్కడివన్నా? రూములో ఆరుగురం ఉంటాం" అన్నాడు. జిమ్ ఎందుకు? మన ఊళ్ళ తాలింఖానాల్లో ఏ మిషన్లు ఉండేవి? దండీలు, బస్కీలు తీసే కదా కోడి రామ్మూర్తి నాయుడుగారి కాలం కుర్రాళ్ళు కండలు పెంచింది! మంచం అంచున కూర్చుని, చేతుల ఊతం లేకుండా లేవడం, మళ్ళీ నెమ్మదిగా కూర్చోవడం. ఇవే బస్కీలకు తొలిమెట్టు. గోడకు చేతులానించి దండీలు, అలవాటయ్యాక మంచం మీద, చివరికి నేల మీద. 5 కిలోల బియ్యం సంచిని ముందుకు వంగి నడుము దాకా లాగడం, తర్వాత 10 కిలోలది. రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని కారిడార్‌లో అటూ ఇటూ నడవడం. ఒక్కొక్కటి పది పన్నెండు సార్లు, మూడు విడతలు. చివరి రెండు సార్లు కష్టంగా ఉండాలి. తేలిగ్గా అయిపోతోందంటే బరువు పెంచే రోజు వచ్చిందన్నమాట. 5 గ్యాలన్ల నీళ్ళ క్యాను నిండుగా ఉంటే దాదాపు 19 కిలోలు. అక్కడికి చేరడానికి తొందరపడకండి, మూడు నాలుగు నెలలు పట్టనివ్వండి.

ఆడపడుచులకు ఒక మాట. బరువులెత్తితే మగవాళ్ళలా కండలు వస్తాయని చాలామంది భయపడుతున్నారు. రావండీ! ఆ హార్మోన్లు మీ ఒంట్లో అంత ఉండవు. మన శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. మీరు ఎత్తబోయేది బియ్యం సంచి. నలభై దాటాక ఎముకలు గుల్లబారకుండా ఉండటానికి మీకే ఇది ఎక్కువ అవసరం.

తిండిలో ఒక్క మార్పు చాలు. కుప్పగా అన్నం, పక్కన చెంచాడు పప్పు అనే లెక్కను తిప్పేయాలి. గుడ్డు ఒకటి 6 గ్రాముల ప్రొటీన్. వండిన చికెన్ 100 గ్రాములు తింటే 30 దాకా వస్తుంది. పెసలు, శనగలు, పెరుగు ఉండనే ఉన్నాయి. డబ్బాల్లో అమ్మే ప్రొటీన్ పొడులు వద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనే చెప్పింది. ఇప్పుడు వారానికోసారి తీసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి. డాక్టరు సలహా మీద వాడేవారు కూడా ఈ బరువుల సంగతి మరవకూడదు. వాటితో తగ్గే బరువులోనూ కండ పోతుంది.

జాగ్రత్తలు: షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవారు జేబులో నాలుగు ఖర్జూరాలు పెట్టుకోండి, చెమటలు పట్టి వణుకు వస్తే వెంటనే తినండి. బీపీ ఉన్నవారు బరువెత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకండి. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి వస్తే అక్కడికక్కడే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి, రూముకు కాదు. ఎండాకాలం బయట నడక వద్దే వద్దు. మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైన దేశం మనం ఉన్నది! జూన్ నుంచి ఆగస్టు దాకా మాల్‌లోనో, బిల్డింగ్ మెట్ల మీదనో నడవండి. దజీజ్‌లో సాయంత్రం ట్రక్కులు తిరిగే రోడ్డు పక్కన చెవుల్లో పాటలు పెట్టుకుని నడిచేవారిని చూస్తే నాకు గుండె దడ వస్తుంది.

మన తమ్ముడి సంగతి చెప్పాలి కదా. ఏడు నెలలైంది. బరువు 3 కిలోలే తగ్గింది. మొదటి నెలల్లో అసలు తగ్గలేదు, "ఇంకేం లాభం అన్నా" అని రెండుసార్లు మానేయబోయాడు. నడుము మాత్రం 7 సెంటీమీటర్లు తగ్గింది. షుగర్ పూర్తిగా అదుపులోకి రాలేదు, మాత్రలు వేసుకుంటున్నాడు. ఇన్సులిన్ మాట మాత్రం డాక్టరుగారు ప్రస్తుతానికి పక్కన పెట్టారు. మొదట్లో సంచి ఎత్తుతుంటే నవ్విన రూమ్మేట్లలో ఇద్దరు ఇప్పుడు అతనితోపాటే చేస్తున్నారట. వచ్చే నెల మళ్ళీ ఊరికి వెళ్తున్నాడు. ఈసారి నడక ఆగినా సరే, వారానికి రెండుసార్లు ఆ బస్కీలు, దండీలు మాత్రం ఆపనని మాటిచ్చాడు. "మా ఇంటికాడ వడ్ల మూటలే ఉండాయి లేన్నా" అన్నాడు.

మోకాళ్ళ నొప్పుల గురించి అడిగినవారికి వచ్చే సంచికలో జవాబిస్తాను. అంతవరకు సెలవు.