బొచ్చు పారేయొద్దు

ఇది మీకే కాదు, వార్డెన్ సారు గారికి కూడా.

మన పని అనుభవం పీరియడ్‌లో ఏడేడు రంగు కాగితం పూలే చేస్తున్నాం. వారం తిరగకముందే అవి చెత్తబుట్టలోకి పోతయి. ఇంటికాడేమో దక్కని గొర్ల నల్ల బొచ్చు కంపచెట్ల కింద పారేస్తున్నరు. ఇది నాకు నచ్చలేదు.

మా తండాలో మాకు పద్నాలుగు గొర్లున్నయి. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరించాలి. ఇదివరకు పక్క ఊరి కురుమ తాత వచ్చి కత్తిరించి, కూలికి బొచ్చే తీసుకుపోయేటోడు. ఇప్పుడు తలకింత అని పైసలు తీసుకొని, బొచ్చు మాకే వదిలిపోతున్నడు. తప్పు ఆయనది కాదు. గొంగడి కొనేటోళ్ళు లేక వాళ్ళింట్లో మగ్గం గుంత పూడ్చేసిండ్రు. 2017లో ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్లు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది కదా, ఆ ఊరికి వచ్చినవి నెల్లూరు జాతివి. మాంసం బాగుంటది గాని వాటికి ఉన్ని ఉండదు. ఆ పొట్టేళ్ళు మా మందలో కలిసినంక పుట్టిన పిల్లలకు బొచ్చు పలచబడ్డది. ఇంకొన్నేండ్లు పోతే ఏకుదామన్నా దొరకదు.

పని కష్టమేం కాదు. కత్తిరించే ముందు రోజు గొర్లను వాగులో కడగాలి. తీసినంక నలుపు, తెలుపు వేరుచేసి, పల్లేరు కాయలు చేత్తో ఏరాలి. ఓపిక అంతా ఇక్కడే కావాలి. తర్వాత వింటితో ఏకి, కదురు మీద వడకాలి. నేసుడు మాత్రం మనతోని కాదు. పడుగుకు చింతగింజల గంజి పట్టించుడు, గుంత మగ్గం మీద నేసుడు కురుమల విద్య. ఆ తాతనే పిలిపించి నేర్పిస్తే ఆయనకూ నాలుగు పైసలు వస్తయి.

నేనొకసారి తెలివి ఎక్కువై బొచ్చును సలసల కాగే నీళ్ళలో వేసి, సబ్బు పెట్టి బట్టల్లెక్క రుద్దిన. అంతా బిగిసి చెక్కలెక్క అట్టగట్టింది. ఉన్నిని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, రుద్దకుండా తీయాలట. ఆ అట్టే ఇప్పుడు మా తొమ్మిదో తరగతిలో డస్టరు. కొనుక్కొచ్చిన దానికన్న బాగ తుడుస్తది, చూసి చెప్పండి.

సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు ఒక సంచి బొచ్చు, మా నానమ్మ కదురు తెస్త. వాసనొస్తే రెండు రోజులు ఓర్చుకోండి. సారు గారు స్టోర్ రూములో ఒక మూల ఇస్తే చాలు.

– తొమ్మిదో తరగతి విద్యార్థి