ఇంటిల్లిపాదికీ విశ్రాంతి

గద్వాల దగ్గర కృష్ణానది రెండు పాయలుగా చీలి మళ్లీ కలుస్తుంది. ఆ పాయల మధ్యనున్న ద్వీపంలోని ఊరే గుర్రంగడ్డ. కొన్నేళ్ల క్రితం మే నెలలో మా కుటుంబమంతా అక్కడ ఒక రోజు గడిపి వచ్చాం. అప్పుడే వీబీఎస్ ముగిసింది. పిల్లలకు పాటలు, కథలు నేర్పి అందరమూ అలసిపోయాం. 'మన ఇంట్లో అందరం కలిసి ఒక్క రోజైనా ఖాళీగా ఉన్నామా నాన్నా?' అని మా పిల్లలడిగితే జవాబు దొరకక ప్రయాణం కట్టాం.

పడవ దిగి వేపచెట్టు నీడన చాప పరిచాం. పిల్లలు ఒడ్డున ఇసుకలో ఆడుకున్నారు. సెల్‌ఫోన్ సంచిలోనే ఉండిపోయింది. మధ్యాహ్నం జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పులిహోర విప్పుకొని తింటూ 'ఎంత చక్కటి విశ్రాంతి, దేవునికి స్తోత్రం' అన్నాం. మా ఇంటావిడ నవ్వింది. 'విశ్రాంతి మీకేనండీ, నేను తెల్లవారుజామున మూడున్నరకే లేచాను' అంది. నిష్ఠూరంగా అన్నమాట కాదది. కానీ ఆ రోజు దేవుడు మాకు వినిపించిన ప్రసంగం మాత్రం అదే.

శిష్యులు పరిచర్య ముగించుకొని వచ్చినప్పుడు, వచ్చేపోయే జనంతో వారికి భోంచేయడానికైనా తీరిక లేకపోయింది. ప్రభువు వారిని ఇంకా కష్టపడమనలేదు. ఏకాంత స్థలానికి వచ్చి కాస్త అలసట తీర్చుకొమ్మని చెప్పి, దోనెలో తీసుకెళ్లాడు (మార్కు 6:31,32). కాబట్టి విశ్రాంతి సోమరితనం కాదు, అది ప్రభువు ఆలోచన. అయితే అది ఎవరికి? విశ్రాంతిదినపు ఆజ్ఞలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పరదేశి అందరూ ఉన్నారు. దాసదాసీలు కూడా యజమానిలాగే విశ్రమించాలన్నది దేవుని ఉద్దేశం (ద్వితీ. 5:14). ఒకరి విశ్రాంతి మరొకరి చాకిరీ మీద నిలబడకూడదన్నమాట. దేవుడు ఎద్దుకు కూడా ఇచ్చిన సెలవును మనం ఇల్లాలికి ఇవ్వలేకపోతే మన ఆరాధనకు అర్థమేముంది?

సాయంత్రం ఊళ్లో ఒక పెద్దాయనతో మాట్లాడుతూ 'మీ ఊరు ఎంత ప్రశాంతంగా ఉంది!' అన్నాం. 'ఒక దినానికి బాగనే ఉంటది సారూ, వానకాలం వచ్చి సూడుండ్రి' అన్నాడాయన. ఎగువన జూరాల గేట్లెత్తి నది ఉప్పొంగితే పడవ నడవదు. కాన్పు వచ్చినా, పాము కరిచినా అవతలి ఒడ్డుకు చేరడం గండమే. 2009 అక్టోబరులో ఈ ప్రాంతపు నదీతీర గ్రామాలను కృష్ణ ఎలా ముంచెత్తిందో మనకు తెలుసు. మనకు విహారమైన చోటే మరొకరికి ఒంటరితనం.

పత్మాసు ద్వీపం గుర్తొచ్చింది. ఏజియన్ సముద్రంలోని ఆ గ్రీకు ద్వీపానికి ఇప్పుడు కుటుంబాలు సెలవులు గడపడానికి వెళ్తున్నాయి. కానీ యోహాను అక్కడికి విహారానికి వెళ్లలేదు, దేవుని వాక్యం కోసం శ్రమపడుతూ ఉన్నాడు (ప్రకటన 1:9). ఆయన ప్రేమించిన సంఘాలు సముద్రానికి ఆవల ఉన్నాయి. కొత్త ఆకాశాన్ని, కొత్త భూమిని చూసినప్పుడు, ఇక సముద్రం లేదని కూడా ఆయన రాశాడు (21:1). అయినవారికి దూరంగా, నీళ్ల మధ్య బతికినవాడికి ఆ దర్శనం ఎంత ఓదార్పో కదా!

అలా విడిపోయిన కుటుంబాలు మన మధ్యా ఉన్నాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న రోజుల్లోనే 'పాలమూరు లేబర్' అన్న పేరు దేశమంతా పాకింది. ఎక్కడెక్కడో ఆనకట్టలు, మేడలు కట్టిన చేతులవి. తల్లిదండ్రులు ముంబై, పూణేల్లో ఉంటే అవ్వాతాతల దగ్గర పెరిగిన పిల్లలు మన సండే స్కూళ్లలో ఎంతమందో! ఆ తల్లిదండ్రులు క్రిస్మస్‌కు వచ్చే నాలుగు రోజులనూ మనం మీటింగులతోనే నింపేస్తే, ఆ పిల్లలకు అమ్మానాన్నలు దొరికేదెప్పుడు? సంఘ పెద్దలు, కాపరులు ఆలోచించాలి. వారికి ఒక్క రోజు వదిలిపెట్టడం కూడా పరిచర్యే.

విశ్రాంతి కోసం విమానమెక్కనక్కర్లేదు. వనపర్తివారికి సరళాసాగర్ ఉంది, కొల్లాపూర్ వైపు వారికి సోమశిల ఉంది. అవీ కుదరకపోతే ఇంటి ముందరి వేపచెట్టు చాలు. బయలుదేరే ముందు మాత్రం 'ఈ రోజు మన ఇంట్లో విశ్రాంతి లేనిదెవరికి?' అని ఒక్కసారి అడుగుదాం.

ఆ రాత్రి గిన్నెలు మేమూ పిల్లలూ తోమాం. అంత శుభ్రంగా రాలేదని మర్నాడు తెలిసిందనుకోండి. కానీ కుటుంబ ప్రార్థనలో ఎప్పుడూ కునికిపాట్లు పడే మా ఇంటావిడ, ఆ రాత్రి చివరి ఆమేన్ దాకా మెలకువగానే ఉంది.